బాకా మామయ్య పట్టిన నీళ్ళు

బాకా మామయ్యను ఒక్క ప్రశ్న అడిగి ఒక్క ముక్కలో జవాబు తెచ్చుకుందామనుకోవడమే మేనకోడలు చేసిన పొరపాటు. టైమెంతయిందని అడిగినా సరే, గడియారం కనిపెట్టినవాడితో తనకున్న స్నేహం దగ్గర మొదలుపెట్టే మనిషాయన. ఆ సంగతి ఆమెకు చిన్నప్పటి నుంచీ తెలుసు. తెలిసినా ఇవాళ అడక్క తప్పలేదు.

ఊరి నీళ్ళు పరీక్ష చేసే లాబ్‌లో ఆమె కెమిస్టు. వీధివీధీ తిరిగి కుళాయిల దగ్గర సీసాల్లో నీళ్ళు పట్టుకొచ్చేది మామయ్య. వెనక వీధి నీళ్ళు భేషుగ్గా ఉన్నాయని నిన్ననే ఆమె సంతకం పెట్టింది. ఆ వీధిలో చూస్తే ఇంటింటా పిల్లలకు వాంతులు, విరేచనాలు. లాబ్ ఎదుట టీకొట్టు నడిపే అక్క ఉండేదీ అక్కడే, ఆమె కూతురైతే ఇంకా మంచం దిగలేదు. పరీక్షలో ఏ తప్పూ దొరక్క, కళ్ళెదుట జబ్బును కాదనలేక కెమిస్టుకు అన్నం సయించడం లేదు.

మామయ్య టీకొట్టు బల్ల మీద కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. పక్కన మెడలో టేపు వేలాడేసుకున్న టైలరు.

“మామయ్యా, వెనక వీధి నీళ్ళు ఏ కుళాయిలో పట్టావు? అదొక్కటి చెప్పు చాలు.”

“ఎంత తేలిగ్గా అడిగావే కోడలు పిల్లా! ఆ కుళాయి దగ్గర ఓ కుక్క కాపలా ఉంటుంది, దూడంత కుక్క, ఇంకొకడైతే పక్కింట్లో పట్టేసుకుని చక్కా వచ్చేవాడు, కానీ నేను నిజాయితీకి పుట్టినవాణ్ణి కదా, దాని కళ్ళల్లోకి అలా చూశాను, అంతే, తోకాడిస్తూ వచ్చి నా సంచీ నోట కరుచుకుని నిలబడింది.”

“మొన్న పిల్లి అన్నావే?” అన్నాడు టైలరు.

“పిల్లి వేరే వీధయ్యా! అడ్డు రాకు. తర్వాత ఏమైందో తెలుసా? కుళాయి బిగుసుకుపోయింది. ఓ చిన్న పట్టు పట్టాను. ఊరి పైపులన్నీ గజగజలాడి నీళ్ళు తాటిచెట్టంత ఎత్తు లేచాయి, కింద పడ్డ నీళ్ళు పడితే మట్టి కలుస్తుందని నేను గోడెక్కి, గాల్లో ఉండగానే సీసాలో పట్టాను.”

“ఏ కుళాయి మామయ్యా?” కెమిస్టు పళ్ళు బిగించి అడిగింది.

“వస్తున్నా, వస్తున్నా! ఇంతలో పైపులేసిన కాంట్రాక్టరు కారులో దిగాడు. సూట్‌కేసు తెరిచి, ఈ నీళ్ళు పారబోసి మా ఇంటి నీళ్ళు పట్టుకెళ్ళు అన్నాడు. ఛీ అన్నాను. రెండో సూట్‌కేసు తీశాడు. మళ్ళీ ఛీ. నా ఛీత్కారం వినీ వినీ ఆ కాంట్రాక్టరు అక్కడే ఏడ్చి, వ్యాపారం మానేసి, ఇప్పుడు పిల్లలకు నీతి పాఠాలు చెప్పుకుంటున్నాడు.”

టీ పోస్తున్న అక్కకు నవ్వు రాలేదు. “మా పిల్ల పొద్దున్నించి గుక్కెడు కూడా నిలుపుకోలేదు, అన్నా. సంగతి చెప్పు.”

“చెప్తున్నాగా! ఈ కబురు పాకి విదేశాల నుంచి పెద్ద సైంటిస్టు హెలికాప్టర్‌లో వచ్చాడు.”

“ఆ సందులో హెలికాప్టర్ ఎక్కడ దిగింది?” అన్నాడు టైలరు.

“దిగితేగా? తాడేసుకుని ఆయనే దిగాడు. నా చేయి పట్టుకుని, ప్రపంచమంతా తిరిగాను, నీళ్ళు ఇంత శుద్ధంగా పట్టేవాణ్ణి చూడలేదు, రహస్యమేమిటయ్యా అన్నాడు.”

కెమిస్టు తల పట్టుకుంది. ఒక మనిషి ఇంతసేపు ఊపిరి తీసుకోకుండా మాట్లాడగలడా అని ఆమెకు ఒళ్ళు మండిపోతోంది.

“రహస్యమేముంది, శుభ్రత అన్నాను. మీ లాబ్‌వాళ్ళు సీసాలు సరిగ్గా కడిగి చావరే! మూత తీస్తే ప్రతిదాంట్లో అడుగున తెల్లటి పొడి. అందరూ అలాగే పట్టేస్తారు. నేనలా కాదు. వేడినీళ్ళతో తళతళలాడేలా కడిగి, బోర్లించి, అప్పుడు పడతాను.”

కెమిస్టు చటుక్కున తలెత్తింది. “ఆ పొడి కడిగేశావా?”

“మరి? మురికి ఉంచుకుంటామా?”

“అది మురికి కాదు మామయ్యా, మేమే వేస్తాం! కుళాయి నీళ్ళలో పురుగుల్ని చంపే మందు కలిసి ఉంటుంది. పొడి ఉంటే సీసాలో ఆ మందు పని ఆగిపోతుంది, నీళ్ళు కుళాయిలో ఎలా ఉన్నాయో అలాగే నా దగ్గరికొస్తాయి. పొడి లేకపోతే దారి పొడుగునా మందు పురుగుల్ని చంపుతూనే ఉంటుంది. నేను చూసేసరికి అన్నీ చచ్చి ఉంటాయి. చెంబులో పట్టుకుని అప్పుడే తాగేసిన పిల్లల కడుపులోకి మాత్రం బతికే పోతాయి!”

అక్క చేతిలో గరిటె ఆగింది. “అయితే మా నీళ్ళు?”

“కాచకుండా చుక్క కూడా ముట్టకండక్కా. వీధిలో అందరికీ చెప్పు.” కెమిస్టు ఫోన్ తీసింది.

మామయ్య గబుక్కున ఆమె చేయి పట్టుకున్నాడు. “ఆఫీసరుకా? నీ ఉద్యోగం, నా ఉద్యోగం రెండూ పోతాయే! నేనేదో కోశాను, అంతే అనుకో. నేను కోతలు కోశానంటే నమ్మనివాడు ఈ ఊళ్ళో ఉన్నాడా?”

“లేడు,” అన్నాడు టైలరు వెంటనే.

కెమిస్టుకు కోపం, ఏడుపు కలిసి వచ్చాయి. “పోనీ మామయ్యా, నువ్వే చెప్పు. కుక్క అబద్ధం, సూట్‌కేసు అబద్ధం, హెలికాప్టర్ అబద్ధం. సీసా కడగడం కూడా అబద్ధమేనని అక్క మొహం చూసి చెప్పు. నీ కాళ్ళకు దండం పెట్టి ఈ ఫోన్ లోపల పెట్టేస్తాను.”

మామయ్య నోరు తెరిచాడు. అక్క ఆయన్నే చూస్తోంది. ఆయన చేయి మెల్లగా మేనకోడలి చేతి మీద నుంచి జారింది.

“నిజమే,” అన్నాడు.

“ఎప్పటి నుంచి?”

“చేరినప్పటి నుంచీ.”

అవతల ఆఫీసరు ఫోన్ ఎత్తాడు. “సార్, వెనక వీధి నీళ్ళు బాగున్నాయని నిన్న నేనిచ్చిన రిపోర్టు తప్పు,” అంది కెమిస్టు. మామయ్య వైపు చూసి మళ్ళీ అంది, “ఆ వీధిది ఒక్కటే కాదు సార్.”