పేరు లేని గిలాసలు

ఆ గిలాస అక్కడనే ఉండనియ్యి ప్రియా, దాంట్లనే నేను చాయ తాగేది. కూసో. ముందుగాలనే ఒక్క మాట చెప్తున్న బిడ్డా, నా యాదిని మరీ నమ్మకు. డెబ్బై ఎనిమిది దాటినయి. ఏది కండ్లతోని చూసిందో, ఏది ఒకలు చెప్పంగ ఇన్నదో, ఏది నా మనసే అల్లుకున్నదో, ఈ నడుమ తేడా తెలుస్తలేదు. మీ నాయినమ్మ ముచ్చట అడిగితివి గనుక చెప్తున్న. నువ్వేమో మొయినాబాదుల కొత్త ఫ్లాట్ల సగం సామాను తీసేస్తనంటున్నవు, దానికి ఫోన్ల ఏదో పేరు చూపెడ్తున్నవు... ఏందది, మినిమలిజమా? ఆఁ, అదే. మీ శ్రవణ్ ఏమో 'ఆదివారం మా అమ్మోళ్లు వస్తరు, ఇల్లు బోడిగ కనబడితే ఏమనుకుంటరు' అంటున్నడు. నాకు నవ్వొస్తున్నది. ఆ పేరు మన చెవుల పడకముందే మా సారక్క, గదే మీ నాయినమ్మ, గట్ల బతికింది, ఈ ఆలూర్లనే.

ఒక్కటే అర్ర, ముందట వసార. రెండు చీరెలు దండెం మీద, ఒకటి ఒంటి మీద. ఒక సందూగ, ఒక బైబిలు, ఒక కొడవలి. నాలుగు తలెలు, నాలుగు గిలాసలు. ఐదో మనిషొస్తే ఎట్లనే అక్కా అంటే, 'నలుగురు తాగినంక కడిగి ఐదో మనిషికిస్త, అంత దూప ఆగకపోతే బాయి లేదా' అనేది. పేదరాలనుకునేవు, కాదు. రెండెకరాల కూరగాయ తోట ఆమెది, చేవెళ్ల అంగడిల ఆమె గంప దించంగనే జనం మూగేది. ఆమెకు ఒక్కటే మాట, సాలు. ఆ మాట మీద నేను శానా రోజులు ఆలోచన చేసిన బిడ్డా. నాగలి గీసింది సాలు. ఏడాది తిరిగితే సాలు. కడుపు నిండినోడు చెయ్యి అడ్డం పెట్టి అనేదీ సాలే. మా అక్క మూడింటినీ ఒక్క తాడుతోని కట్టింది. ఒక సాలంత చెయ్యి తాకని సామాను నాది కాదు అనేది. కోత పండుగకు అందరు గుమ్మడికాయలు, కోడిపుంజులు పట్టుకొని చర్చికి పోతే, ఈమె ఆ ఏడు వాడని గిన్నె, కప్పుకోని దుప్పటి పట్టుకపోయేది. ఆరాధన అయినంక అన్నీ వేలం ఏస్తరు గద. ఒకసారి ఆమె కందీలును, గదే లాంతరును, మన భిక్షం పాడుకున్నడు. మళ్లేడు అదే కందీలు తెచ్చి అక్కడనే పెట్టిండు. 'సారమ్మా, నేను గూడ తాకలే' అని! సామాను నిండిన ఇంట్ల మనిషి పక్కకు జరిగి నడుస్తడు ప్రియా. మా అక్క ఇంట్ల మనిషి సక్కగ నడిచేది.

ఏడికో పోతున్న. ఆఁ, మీ నాయిన ముచ్చట. వరప్రసాదుకు మన శంకర్‌పల్లి దిక్కు ప్రొద్దుటూరు నుంచి సంబంధం వచ్చింది, పిల్ల మీ అమ్మనే, ప్రేమజ్యోతి. శంకర్‌పల్లిల పాటల కూటంల ఆ పిల్లను చూసొచ్చిన సంది వానికి అన్నం సయిస్తలేదు. ఇల్లు చూడ వస్తమని కబురు పంపిండ్రు. అంతకు ముందు ఒక సంబంధం ఇల్లు చూసే ఎనక్కి పోయింది, 'గిలాసలకే గతి లేదు, మా పిల్లకు బువ్వ ఏడికెల్లి పెడ్తరు' అని. ఇది గూడ పోతే పోరడు ఆగమైతడు. అప్పుడు ఎవలికి తోచిందో, నాకంత యాది లేదు గని, మా అక్క తోటకు పోయిన పొద్దు చూసి ఇల్లిల్లు తిరిగి సామాను ఎరవు తెచ్చుడు షురువైంది. సత్తమ్మ గిలాసలు, హన్మంతు గిలాసలు, రాజమౌళి బిందెలు, భిక్షం కుర్చీలు. రాజమౌళి టీవీ గూడ వచ్చింది, దానికి వైరు మరిచిండ్రు. మా అక్క గంప నెత్తిన పెట్టుకొని, చుట్టాల ఎనకనే ఇంట్ల కాలు పెట్టింది. ఒకసారి అటు చూసింది, ఒకసారి ఇటు చూసింది. చుట్టాల ముందట ఏమనాలె? చాయ పెట్టింది.

మీ అమ్మమ్మ అంగన్‌వాడి టీచరాయె. అక్షరం కనబడితే చదువక ఊకోదు. చాయ తాగుకుంట గిలాస తిప్పింది. 'సత్తమ్మ, ఆలూరు.' మీ తాత చేతుల గిలాస తిప్పింది. 'హన్మంతు బిడ్డ పెండ్లి కానుక.' ఇగ బిందె చూసింది. 'రాజమౌళి గృహప్రవేశం!' 'వదినె, మీ ఇంట్ల సత్తమ్మ ఎవలు?' అన్నది. మన ఇండ్లల్ల గిన్నె కొనుడంటే పేరు కొట్టిచ్చుడే గద బిడ్డా, పక్కింటి పెండ్లికి పోయింది మళ్ల ఇంటికి రావాలె గద. ఇల్లంత మార్చినోళ్లు ఆ ఒక్కటి మరిచిండ్రు. మా అక్క నిమ్మలంగ అడిగింది, 'ఎవని పనిరా ఇది?' మీ నాయిన తల వంచుకొని 'నాదేనే అవ్వా' అన్నడు.

తిడ్తదనుకున్నం. పకపక నవ్వింది! 'సత్తమ్మది పక్కిల్లు వదినె. ఈ ఇంట్ల నాయి నాలుగే గిలాసలు. వాటి మీద పేరు లేదు, ఎవలు తాగితే వాళ్లయి. ప్రసాదూ, లెవ్వు. ఎవలయి వాళ్లకు ఇప్పుడే ఇచ్చి రా' అన్నది. పట్టపగలు, చుట్టాల ముందటికెల్లి, మీ నాయిన టీవీ సంకల పెట్టుకొని బయలెల్లిండు. సత్తమ్మ అడ్డమొచ్చి, 'ఓరి పిచ్చోడా, చుట్టాలు పోయినంక ఇయ్యరాదురా!' అని గుసగుస. ఊరంత ఇన్నది ఆ గుసగుస. ఆఖరి కుర్చీ పోయినంక ఇంట్లకు ఎలుతురొచ్చింది బిడ్డా. గడప నుంచి ఎనక గోడ దాంక ఎర్రమట్టి అలికిన నేల, ముగ్గు పెట్టినట్టు నిండుగ. మీ అమ్మమ్మ ఇంక నసుగుతనే ఉన్నది, 'మరీ ఇంత బోడిల్లా' అని. పిల్ల గూడ వచ్చింది, ఆ కాలంల అది తప్పే, అయినా వచ్చింది. లేసి నిలబడి, 'అమ్మా, మనింట్ల పొద్దు పొడిస్తే నాకు తోముడే పని. నేను ఈ ఇంటికే వస్త. నాలుగు గిలాసలు కడిగి పాట పాడుకుంట' అన్నది! మా అక్క ఏమన్నదో తెలుసునా? 'సాలు. లగ్గం పెట్టుకుందాం.'

ఆ పెండ్లికి కుప్పలు కుప్పలుగ వచ్చిన స్టీలు ఏడబోయిందనుకున్నవు? చర్చిల ఇయ్యాల్టికీ బంతికి వడ్డించేది ఆ గిన్నెలతోనే. బోడిల్లని వెక్కిరించినోళ్లే మళ్లేడు ఇంటికొకటి తెచ్చి వేలానికి పెట్టిండ్రు. గెలుపంటే గదే బిడ్డా. ఆదివారం మీ అత్తోళ్లను రానియ్యి, ఫికర్ చెయ్యకు. నవ్వు మొఖంతోని చాయ ఇయ్యి, అంతే. మీ నాయిన మీదనే ఆ పేరు పడ్డది, 'ఎరవు ప్రసాదు' అని. మొన్న గూడ హన్మంతు గట్లనే పిలిచిండు. నవ్వి ఊకున్నడు, పాపం.

ఏంది, గిలాసను అంత తిప్పి చూస్తున్నవు? చదివితివా? అవును, నా పేరే. మా అక్క పోయే ఏడు చేవెళ్లకు పోయి కొట్టిచ్చుకొచ్చింది. పుట్టి బుద్ధెరిగి ఏ గిన్నె మీద పేరు కొట్టియ్యని మనిషి! నా చేతుల పెట్టి, 'యోసేపూ, ఇది నీదేరా, ఎరవుది కాదు' అన్నది.

ఎవలికి తోచిందో యాది లేదంటి గద. ఉన్నది బిడ్డా. కావాలనే ఇడిచిపెట్టిన. ఇల్లిల్లు తిరిగింది నేను. మీ నాయిన వద్దు మామా, వద్దు మామా అన్నడు. అక్క అడిగినప్పుడు నేను గోడ దిక్కు చూసిన. ఆదివారం నేనూ వస్త, మీ నాయినను గూడ పిలువు. మీ అత్తోళ్ల ముందటనే చెప్త.

పొయ్యి, చాయ పొయ్యి. ఇగ సాలు.