ఫయినా గొట్టంలో వేడి ఎటు పోయింది?

స్వెర్ద్లోవ్‌స్క్ ప్రయోగశాలలో టీ వేళ. మధ్యాహ్నం మాస్కో తనిఖీవాళ్ళ ముందు, వేడిని ఒక కొస నుంచి ఇంకో కొసకి మోసుకెళ్ళే ఆ గొట్టం పనిచేయకపోతే ఫయినా పరిశోధన మూతబడ్డట్టే. ఆమె కప్పు ముట్టలేదు. మెకానిక్కు ప్రోఖర్ సావిచ్ మాత్రం మూడో కప్పులో ఉన్నాడు.

"ఈ పిల్లకి బెంగెందుకో! పొద్దున నేనొక్కణ్ణే వచ్చి, ఈ చేతుల్తో గొట్టం బిగించి, హీటర్ స్విచ్చి నొక్కానా? ఇప్పటిదాకా హీటర్ పెట్టిన పలక వేడెక్కితే ఒట్టు! చల్లబరచడమంటే అదీ!"

"మరి రెండో కొసో?" అంది ఫయినా. "హీటర్ దగ్గర గొట్టంలో పుట్టిన ఆవిరి అక్కడికెళ్ళి వేడి దించాలి కదండీ. అదీ చల్లగానే ఉంది. నాకేం అర్థం కావడం లేదు. వేడి ఎటు పోయినట్టు?"

"కిటుకంతా అక్కడే ఉంది తల్లీ! నేను బిగించిన గొట్టం కొస దగ్గర ఆగుతుందా? గోడలో దూరి పైకెళ్ళింది. పైకప్పు మీద మంచు జారిపోలా?"

"దాన్ని నేను పారతో తోశానండీ," అన్నాడు కాపలాదారు రోదియోన్.

"తోశాననుకున్నావు! ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ వేడి ఇసేత్ నదిలోకి దిగింది. మంచుకి కన్నంపెట్టి గాలం వేసే ముసలాళ్ళు పరుగో పరుగు! ఒకాయనకి ఉడికిన చేపే తగిలింది, ఉప్పొక్కటే తక్కువ!"

"జనవరిలోనా?" అన్నాడు రోదియోన్.

"జనవరిలోనే! అక్కణ్ణించి రైలు పట్టాలెక్కి మాస్కో దారి పట్టింది. రైల్లో వస్తున్న ఆ తనిఖీవాళ్ళు ఈపాటికి బొచ్చుటోపీలు తీసేసి, బనీన్లతో విసురుకుంటూ..."

"నవ్వులాటగా ఉందా మీకు?" అంది ఫయినా. "గొట్టం బతికుందో చచ్చిందో తెలీక నేను చస్తుంటే!"

రోదియోన్ ఇంకో కప్పు నింపబోయి ఆగాడు.

"టీ నీళ్ళు కాచే ఈ కరెంటు సమోవార్ రోజూ కిటికీ దగ్గర కదా ఉండేది?"

"అక్కడ ప్లగ్గు పనిచేయట్లేదు. ఇటు తెచ్చా. ఆ చలికి ముందు టీ పడాలిగా," అన్నాడు ప్రోఖర్ సావిచ్.

ఫయినా చటుక్కున బల్ల కిందికి దూరింది. హీటర్ తీగ నేల మీద పడి ఉంది. సమోవార్ ప్లగ్గు పీకేసి, ఆ చోట హీటర్ తీగ పెట్టింది. కాసేపు రెండో కొసని గుప్పిట్లో పట్టుకుని కూర్చుంది.

"వెచ్చబడుతోంది!" అని అరిచింది.

"నే చెప్పలా! మాస్కో దాకా వెళ్ళి తిరిగొచ్చింది!"

"అంత దూరం ఎక్కడికండీ," అన్నాడు రోదియోన్ తన కప్పు చూపిస్తూ. "పొద్దుట్నుంచీ మనం తాగుతోంది దాన్నే."