నాక్‌డూ కొండా, కోల్మన్ రాయీ

కోల్మన్ నోరు విప్పాడంటే బారు యజమాని పీడర్ గ్లాసులు కడగడం ఆపేస్తాడు. ఆ మధ్యాహ్నం ముసలాయన గొంతు మరీ హెచ్చులో ఉంది, ఎందుకంటే మూలబల్ల దగ్గర డెలియా కూర్చునుంది. భర్త పోయిన రెండేళ్లకు ఆమె మళ్లీ నలుగురిలోకి రావడం ఇదే. వచ్చే వారం నల్లపళ్ల ఆదివారం, ఊరంతా నాక్‌డూ కొండమీదికి పళ్లు కోసుకోవడానికి వెళ్లే రోజు. ఆమె తనతో కొండెక్కితే చాలు, ఈ వయసులో ఆయనకు వేరే కోరికల్లేవు. అది అడగడానికి నోరు రావడం లేదు. కోతలకైతే ఎప్పుడూ వస్తుంది.

"నాక్‌డూ అంటే ఆ ఒక్కరోజు తప్ప ఏడాదంతా గొర్రెలు మాత్రమే పట్టించుకునే కొండ కదా! నా పంతొమ్మిదో ఏట, నల్లపళ్ల ఆదివారం నాడు, ఒక్కణ్ణే బుట్టెడు పళ్లు కోశాను."

"బుట్టెడేనా?" అన్నాడు పీడర్.

"విను మరి! సగం ఎక్కానో లేదో పొగమంచు కమ్మేసింది, నా చెయ్యి నాకే కనబడదు. అప్పుడేం చేశానో తెలుసా? పొయ్యిలో కాల్చుకునే పీట్ మట్టిని గడ్డలుగా కోసే పార నా భుజాన ఉంది. దాంతో ఆ మంచునే గడ్డలు గడ్డలుగా కోసి, వరసలు పేర్చి ఆరబెట్టాను! ఆ చలికాలమంతా మా అమ్మ పొయ్యిలో అదే. కాకపోతే వంటింట్లో కాస్త వాన పడేది."

"మీ అమ్మ గొడుగేసుకుని వండేదా, పెద్దాయనా?"

"గొడుగెందుకురా, బంగాళదుంపలు కడిగే పని తప్పింది కదా!"

అందరూ నవ్వారు. డెలియా కూడా నవ్వింది. అది చూశాక కోల్మన్‌కు ఇక పట్టపగ్గాల్లేవు.

"కింద వాగులోంచి అందరం తలా ఓ రాయి మోసుకెళ్లి శిఖరం మీద కుప్పలో వేస్తామా, నేను నాది పెట్టగానే కొండ అడుగెత్తు పెరిగింది! మ్యాపులవాళ్లు పరిగెత్తుకొచ్చి మళ్లీ కొలుచుకున్నారు."

"ఏ రాయి, కోల్మన్?" అంది డెలియా.

సంచిలోంచి తీసి బల్లమీద పెట్టింది. తెల్లచార ఉన్న బూడిదరంగు రాయి.

"మంచు చూసి గొర్రెలదొడ్డి దగ్గరే కూలబడ్డావు. 'నాది కూడా నువ్వే పెట్టెయ్' అని నా చేతికిచ్చావు. ఎవరి రాయి వాళ్లే పెట్టాలి కదా, నాకు మనసొప్పలేదు. యాభై రెండేళ్లుగా మా కిటికీలోనే ఉంది."

కోల్మన్ రాయిని చేతిలోకి తీసుకున్నాడు. ఆనాడు ఆమె ఎర్ర శాలువా మంచులో కలిసిపోయేదాకా చూస్తూ కూర్చున్నాడు. లేచి వెనకాలే వెళ్లి ఉంటే బతుకు ఇంకోలా ఉండేదని ఎన్నిసార్లు కుమిలిపోయాడో. కళ్లు తడయ్యాయి.

"ఆదివారం వస్తావా మరి?" అంది డెలియా.

"మళ్లీ మంచు కమ్మేస్తేనో?" అన్నాడు కోల్మన్.

"పార తెచ్చుకో."