వంపు అంచున పేరు

భిలాయి, క్యాంప్ 1. పార్వతమ్మ ఇంటి ముందు గది. ఆమె కొడుకు రవికాంత్ కామెర్లతో పోయి ఇంకా ఏడాది తిరగలేదు. అతనితో కలిసి ల్యాబ్‌లో పనిచేసిన ఇంద్రాణి స్మృతి నగర్ నుంచి స్కూటీ మీద వచ్చింది.

"మళ్లీ టీ ఎందుకు ఆంటీ, ఇప్పుడే కదా తాగాను. మీరు కూర్చోండి."

"కూకుంటాన్లే. నువ్వు సెప్పు. ఆడు గీసిన సిప్పు వొచ్చిందని ఫోన్లో అన్నావు. పన్జేసిందా, లేదా?"

"వచ్చింది ఆంటీ, మొన్ననే ఫ్యాక్టరీలో తయారై వచ్చింది. ఇదిగో, ఈ డబ్బీలో ఉంది. చేత్తో ముట్టుకోకండి."

"ఇదేటి, గోరంత కూడా లేదు! దీనికోసవేనా తిండీ నిద్రా మానీసి ఆ కంప్యూటర్ ముందర కూకునేవోడు? క్యాంపులో అందరూ నవ్వీవోరు తల్లీ. ఏటి పార్వతమ్మా, మీవోడు ఇంకా ఆ కుక్కతోకే గీస్తన్నాడా అనీసి."

"రవి నాతో కూడా చెప్పి నవ్వేవాడు. కుక్కతోకే ఆంటీ, కానీ అది వెలుగు నడిచే దారి. వైర్లలో కరెంటు పోయినట్టు ఇందులో వెలుగు పోతుంది. దారి నేరుగా ఉన్నంతసేపూ బాగానే పోతుంది. మలుపు వస్తేనే ముసీబత్."

"మలుపులో ఏటవుతాది?"

"గట్టిగా తిప్పామంటే వెలుగు దారి వదిలేసి బయటికి జారిపోతుంది. పోనీ పెద్ద మలుపు పెడదామంటే జాగా చాలదు. ఇంత ముక్కలో ఎన్నో మలుపులు పట్టాలి. మలుపు చిన్నగానూ ఉండాలి, వెలుగూ పోకూడదు. మా గొడవంతా అదే."

"ఊఁ."

"మామూలుగా గుండ్రంగా గీసేస్తారు. రవి అలా కాదు. వంపు మెల్లగా మొదలెట్టి, మధ్యలో బిగించి, మళ్లీ మెల్లగా వదిలేవాడు. అలా గీసేవాళ్లు ఇంకా ఉన్నారులెండి, కానీ రవి గీసినంత చిన్నగా మా ల్యాబ్‌లో ఎవరికీ రాలేదు. మలుపు తిరిగినట్టు వెలుగుకే తెలియకూడదు యార్, అనేవాడు."

"ఆ మాటలు నాతో ఎప్పుడూ అన్లేదు. అన్నం దిగ్గర కూడా ఊఁ, ఆఁ, అంతే. సరే, పన్జేసిందా మరి?"

"మీ టీ చల్లారిపోతోంది ఆంటీ."

"ఇంద్రాణీ. నాను టీ సంగతి అడగలేదు."

"లేదు ఆంటీ. పని చెయ్యలేదు. ఇటు పంపిన వెలుగులో సగం కూడా అటు రాలేదు."

"అయితే ఆల్లు నవ్విందే నిజం."

"నహీ ఆంటీ, అలా అనకండి! పూర్తిగా వినండి. నేనూ మొదట అలాగే అనుకున్నాను. ఆ రోజు బాత్రూంలోకి వెళ్లి ఏడ్చాను. కళ్లు పచ్చబడ్డాయి, డాక్టర్‌కి చూపించుకో అంటే, అది స్క్రీన్ రంగు అని నన్ను నవ్వించిన మనిషి. ఇంత చేసింది దీనికోసమా అని ఏడ్చాను. తర్వాత కెమెరా పెట్టి చూశాను. అది మన కంటికి ఆనని వెలుగు, దానికి వేరే కెమెరా ఉంటుంది. తప్పు వంపుదే అయితే వంపు చుట్టూ చెదిరిపోయి కనబడాలి కదా. అలా లేదు. వెలుగంతా ఒక్క దగ్గరికే పోతోంది. పక్కకి."

"పక్కనేటుంది?"

"ఒక పేరు."

"పేరేటి, సిప్పు మీద?"

"మాలో అదొక అలవాటు ఆంటీ. చిప్పు బొమ్మ గీసేటప్పుడు ఎక్కడో ఖాళీ చూసుకుని ఏదో ఒకటి పెట్టుకుంటాం. పేరో, పువ్వో, పిల్లి బొమ్మో. ఎవరూ చూడరు, మా సరదా. దూరంగా రాసుంటే ఏమీ అయ్యేది కాదు. రవి వంపుకి ఆనించినట్టు, సరిగ్గా బయటి అంచున రాశాడు. అంత దగ్గర ఏది గీసినా వెలుగు అందులోకి దూకేస్తుంది. ఈ సంగతి నాకు నేర్పిందే వాడు. తెలిసి తెలిసి అక్కడ రాశాడు."

"ఎవులి పేరే అది, సెప్పవేటి?"

"అదే మిమ్మల్ని అడుగుదామని వచ్చాను. అమ్ము ఎవరు ఆంటీ?"

"ఉండు, గేస్ మీద పాలెట్టినాను."

"పాలు దించేశారు. నేను చూశాను."

"ఆడికి తెలుగు రాయడం రాదు. హిందీ మీడియంలో సదివినాడు. నువ్వేదో తప్పు సదివీసుంటావు."

"ఆ ఒక్క పేరూ వచ్చు ఆంటీ. తెలుగులోనే రాశాడు. వెలుగు ఆ అక్షరాల్లోకి పోయి అక్కడే తిరుగుతోంది. తెర మీద మిగతా అంతా చీకటి, అమ్ము అన్న పేరొక్కటే వెలుగుతోంది."

"మీ అంకుల్ వొచ్చీ వేళయింది. ఆ మాట ఆయన ముందర అనీకు."

"అంకుల్ ఖుర్సీపార్ బజారుకి కదా వెళ్లారు, ఇంకా టైముంది. ఆంటీ, నా మాట వినండి. రేపు కొత్త చిప్పు బొమ్మ ఫ్యాక్టరీకి పంపించాలి. ఈసారి మాకు ఇచ్చింది ఇంకా చిన్న ముక్క. పేరు అవతలికి జరుపుదామన్నా జాగా లేదు. పేరు ఉంచాలంటే వంపు తీసెయ్యాలి. వంపు ఉంచాలంటే పేరు చెరిపెయ్యాలి, అప్పుడే అది పని చేస్తుంది. పని చెయ్యని వంపు ఎందుకు, తీసెయ్ అంటున్నారు మా ల్యాబ్ సర్. తీసేస్తే రవి చేసిందేదీ ఇంక ఎక్కడా ఉండదు."

"మరి సెరిపీక నన్నడగడం దేనికి?"

"రాత్రి కూర్చున్నాను ఆంటీ. ఒక్క బటన్ నొక్కితే పోతుంది. చెయ్యి రాలేదు. వాడు రాసుకున్నది, వాడు లేనప్పుడు..."

"సెరిపీ."

"హాఁ?"

"సెరిపీమంటన్నాను. అడిగినావు, సెప్పినాను. అయిపోనాది."

"ఆ అమ్మాయంటే మీకంత కోపమా?"

"ఏ అమ్మాయి?"

"అమ్ము. నాకు తెలుసు ఆంటీ, ఎవరో ఉందని. ఇన్నేళ్లు పక్క కుర్చీలో కూర్చున్నాడు, ఒక్కసారి కూడా నావైపు అలా చూడలేదు. పర్లేదు, అలవాటైపోయింది. ఆమె ఎక్కడుంటుందో చెప్పండి, వెళ్లి ఈ డబ్బీ చేతికిచ్చి వస్తాను. నాకంటే ఆమెకే చెందాలి కదా."

"ఓలమ్మ! నీకు ఆడంటే..."

"ఇప్పుడెందుకు ఆంటీ అవన్నీ."

"నాకన్నా సెప్పలేదేటి తల్లీ?"

"వాడికే చెప్పలేదు."

"పిచ్చిపిల్లా. పెద్ద పిచ్చిపిల్లవి. కళ్లు తుడుసుకో. అమ్ము ఆడి సెల్లి."

"చెల్లెలా? రవికి చెల్లెలుందా?"

"ఉండీది."

"నాతో ఎప్పుడూ... ఇంట్లో ఫోటో కూడా లేదు."

"మీ అంకుల్ తీసీసినారు. ఆడి కంట పడకూడదనీసి."

"ఏమైంది తనకి?"

"జొరం."

"జ్వరంతో పోతే ఫోటో ఎందుకు దాచడం ఆంటీ?"

"దాసినాం. ఎందుకో దాసినాం. వొదిలీ."

"వాడి కంట పడకూడదని ఎందుకు?"

"వొదిలీమన్నానా!"

"సారీ ఆంటీ. నేను వెళ్తాను. చెరిపేస్తాను."

"కూకో. ఎల్లకు. కూకోమంటన్నాను గదా... రెండు జెడలేసుకునీది. అన్నని భయ్యా అని కూడా అనేది కాదు, పేరెట్టి పిలిసీది. ఆడు సైకిల్ మీద బడికి తీసుకెల్లీవోడు, ఎనకాల క్యారియర్ మీద కూకోబెట్టుకుని. ఆ రోజు బెల్లు కొట్టీస్తారని జోరుగా తొక్కినాడు. పవర్ హౌస్ కాడ మలుపులో గబుక్కున తిప్పీసినాడు. పిల్ల జారిపోనాది. ఎనకాల ట్రక్కొస్తంది."

"ఆంటీ..."

"ఆడు సూసుకోనేదు తల్లీ. సైకిల్ తేలిగ్గా అయిపోనాదేటి అనీసి ఎనక్కి తిరిగినాడంట. అంతే. ఆ పేరు మరి ఆడి నోట నాను వినలేదు. మేవూ అన్లేదు. సిన్న పిల్లడు గదా, సదువులో పడి మరిసిపోనాడు, మంచిదేలే అనుకున్నాను. కన్న తల్లిని, అలాగే అనుకున్నాను."

"మరిచిపోలేదు ఆంటీ. ఒక్క రోజు కూడా మరిచిపోయుండడు. మలుపులో జారిపోకూడదు, జారిపోకూడదు అని కంప్యూటర్ ముందు తనలో తను గొణుక్కునేవాడు. వెలుగు గురించే అనుకునేదాన్ని."

"ఏడవకు. నువ్వేడిస్తే నాను ఆగనేను."

"ఆ పేరు దూరంగా ఎందుకు పెట్టలేదో ఇప్పుడు తెలిసింది."

"దూరంగా ఎట్టనేకపోనాడు."

"నేను చెరపను ఆంటీ. నా వల్ల కాదు. వంపు తీసేస్తే తీసేశారు, పోనివ్వండి. ఇదంతా విన్నాక ఆ పేరు ఎలా చెరుపుతాను?"

"వంపు పోనీ అనకు. బతికినన్నాళ్లు ఆడు గీసింది అదొక్కటే."

"మరి అమ్ము?"

"అమ్ముని నాను సూసుకుంటాను. ఫోటో పెట్టిలో ఉంది, తీసి ఆడి ఫోటో పక్కనే గోడకెట్టీస్తాను. మీ అంకుల్ ఏటన్నా సరే."

"అయినా ఆంటీ..."

"సెరిపీ అమ్మా. ఈపాలి ఆడి ఎనకాల ఎవులూ కూకోకూడదు. ఆ మలుపు ఆడొక్కడే దాటనీ."