నీటిమీదున్నోడి ఫైలు

బరంపురంలో అద్దెగది. పడవలు తిరిగిన దారులను బట్టి సముద్రపు ప్రవాహాల లెక్క తీసే ప్రోగ్రాం నడుపుతోంది కూతురు. పొడంపేట నుంచి ఎండుచేపల మూటతో వచ్చిన తల్లి పక్కనే కూర్చుని నల్లటి తెరను చూస్తోంది.

"ఆ ఎర్రచ్చరాలేటే?"

"నాన్న పడవ దొరకలేదంటందమ్మా."

తల్లి చెయ్యి చటుక్కున కూతురి నోటికి అడ్డం పడింది.

"అవేం మాటలే! మీ నాన్న ఏటకెల్లి నీటిమీదున్నాడు."

"పడవ కాదమ్మా, ఫైలు. పోయినసారి ఏటకెల్లినప్పుడు జీపీఎస్‌లో పడ్డ దారి. దాన్ని ఏరే ఫోల్డర్లో పెట్టి, మిషన్‌కి పాత సోటే సెప్పాను. అక్కడెతికి లేదంది. కొత్త సోటు రాసేస్తే సరిపోద్ది."

"ఏదైనా గానీ, లేదు అనకూడదు. ఇంట్లో బియ్యం అయిపోతే లేవంటామా? నిండుకున్నాయంటాం."

"మిషన్‌కి అవన్నీ ఏటి తెలస్తాయమ్మా?"

"దానికి తెలీదు, సరే. ఆ మాట దానికి నేర్పిందెవులు?"

కూతురు గతుక్కుమంది. ప్రోగ్రాంలో ఆ మాట రాసింది తనే.

"మరేటని రాయమంటావు?"

"వస్తన్నాడని రాయి."

పాత మాట చెరిపి అలాగే రాసింది. ఫోల్డర్ దారిని మాత్రం సరిచేయలేదు. కావాలనే తప్పుగా ఉంచి, ఇంకోసారి నడిపింది. ఎర్రక్షరాలు మళ్ళీ వచ్చాయి.

"ఇప్పుడేటంటంది?"

"నాన్న వస్తన్నాడంటందమ్మా."

తల్లి కొంగుతో కళ్ళు ఒత్తుకుని తెరకు దగ్గరగా జరిగింది.

"ఇంకోపాలి అనమనే దాన్ని."