సరస్సులో ఒడేరో ఆపిన దిబ్బ

సరస్సు ఒడ్డున కిసుము ఊళ్లో నక్వాకా టీ కొట్టు చూరు కింద వానకి ఇరుక్కుపోయాం. టీ కప్పు చేతికందగానే టీవీ కెమెరామన్ ఒడేరో మొదలెట్టాడు.

"కెమెరా పట్టినవాడల్లా కెమెరామన్ కాదు నాయనా. నేను తీసే ప్రతి క్లిప్పులో, బొమ్మతో పాటు, తీసిందెవరు, ఎక్కడ, ఏ వేళ, అన్నీ కెమెరాలోనే రాసి పెట్టిస్తా. ఆ చోటు కెమెరాలో పడందే బటన్ నొక్కను. చచ్చినా నొక్కను. మొన్న మన జాలర్లిద్దరూ విడుదలయ్యారే, ఎవరి వల్లనుకున్నారు?"

"నీ వల్లా?" అన్నాడు పడవలు బాగుచేసే ఒలువోచ్.

"మరి? అవతలి దేశం గస్తీవాళ్లు హద్దు దాటారని పట్టుకుపోయారా, వీళ్లేమో గుర్రపుడెక్కలో పడవ చిక్కుకుంది, ఇవతలే ఉన్నాం మొర్రో అన్నారా. సాక్ష్యం కావాలి. ఆ పొద్దున సరిగ్గా ఆ గుర్రపుడెక్క దిబ్బ మీదే నిలబడున్నా నేను."

"దాని మీద కొంగ నిలబడుతుంది. మనిషెలా నిలబడతాడన్నా?"

"ఊపిరి బిగబడితే ఎవడైనా నిలబడతాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? గాలి లేచింది, దిబ్బ కదిలింది, శాటిలైటు నా చోటు పట్టేలోపు నేను ఇంకోచోట తేలుతున్నా. ఇలాగైతే ఆ ఇద్దరి గతేం కాను? ఒక కాలు నీళ్లలోకి దింపి, అడుగున బురదలో పాతి, దిబ్బని ఆపేశా."

"నడి సరస్సులోనా?"

"కాలు సాగదీశాను లేవయ్యా. ఇంతలో నీటిగుర్రం వచ్చి దిబ్బ అంచు నమలడం మొదలెట్టింది. 'అమ్మా, కాస్త ఆగు, చోటు పడుతోంది' అన్నా. నోట్లో గడ్డి నోట్లోనే పెట్టుకుని ఆగింది పాపం. అయినా పైన మబ్బు. 'ఇలా దిగు' అని శాటిలైటుని కేకేశా. దిగింది. ఎంత కిందకి దిగిందంటే, దాని సెగకి భుజం మీద చొక్కా మాడింది. దిగి నన్నే అడుగుతుంది, 'అయ్యా, భూమధ్యరేఖ ఎటు పోతుంది, నాకూ సరిగ్గా తెలీడం లేదు' అని. బొటనవేలితో నీళ్ల మీద గీసి చూపించా. ఇవాళ పటాల్లో ఉన్నది ఆ గీతే."

నక్వాకా నవ్వాపుకోలేక పొయ్యి వైపు తిరిగింది.

"నవ్వు తల్లీ. గస్తీవాళ్లు తుపాకీ ఎత్తితే నేను నవ్వలేదు. 'చోటు చెరిపెయ్, వదిలేస్తాం' అన్నారు. 'బొమ్మ కావాలంటే తీసుకోండి, చోటు మాత్రం ఇవ్వను' అన్నా. తుపాకీ గొట్టంలో గుర్రపుడెక్క పువ్వు కుక్కి, జాలర్లని చెరో చంకలో పెట్టుకుని, దిబ్బని కాలితో తోసుకుంటూ ఒడ్డుకొచ్చేశా."

అప్పటిదాకా నూనెలో వేయించిన మందాజీ ముక్కని టీలో ముంచుకు తింటున్న అకేయో తలెత్తింది. ఒడేరో ఆఫీసులోనే వీడియోలు ఎడిట్ చేస్తుంది.

"ఒడేరో అన్నా, ఆ క్లిప్పులన్నీ ఎడిట్ చేసింది నేనే. హద్దుకి ఇవతల చోటు పడ్డవాటిలో ఉన్న పేరు నీది కాదు, అవినోది. మొన్న మన ఆఫీసులో కెమెరా పనికి చేరిందే, ఆ పిల్ల. అద్దె పడవలో వెళ్లింది. తుపాకీ ఎత్తినా, చెరపను అన్నదీ తనే. తన గొంతు వినబడుతుంది, వణుకుతూనే ఉంది, అయినా చెరపలేదు."

ఒడేరో గొంతు సవరించుకున్నాడు.

"నా పేరుతో ఏం లేదా?"

"ఒకటుంది. అదే పొద్దున. చోటేమో దుంగా అనే రేవు ఒడ్డున చేపల హోటలు. కెమెరా ఆపడం మర్చిపోయి బల్ల కింద పెట్టేసినట్టున్నావు. ఆసాంతం నీ బూట్లే. మధ్యలో 'ఇంకో చేప వెయ్యమ్మా' అని నీ గొంతు."

ఒలువోచ్‌కి పొలమారింది. నక్వాకా వాడి వీపు మీద చరిచింది. ఒడేరో మాత్రం తొణకలేదు. కప్పు అడుగుదాకా తాగి, బెంచీ మీద పెట్టి, అకేయో వైపు వంగాడు.

"ఫోకస్ బాగా కుదిరిందా?" అన్నాడు.