పసిపిల్లల డోసు

గచ్చిబౌలిలో దవాఖాన మిషన్లకు సాఫ్ట్‌వేర్ చేసే ఆఫీసు. ఎస్తేరు అక్కడ టెస్టర్. పక్కసీటు యాదగిరి గొంతు తగ్గించాడు.

“పాస్ అని పెట్టెయ్యమ్మా. రేపే రిలీజ్.”

“ఒక్కోసారి డోసు రెట్టింపు పోతోందన్నా. పసిపిల్లలకి మందెక్కించే మిషను.”

“మేనేజర్‌కి ఎరుకే. కాదంటే నీ నౌకరి పోతది.”

“అదే భయం.”

“ప్రార్థన చేస్తవు గద, దేవుడు చూస్కుంటడు.”

“చూడమనే కదన్నా నన్నీ సీట్లో కూర్చోబెట్టాడు! రోజూ ఆయన పేరు తలుచుకునే లాప్‌టాప్ తెరుస్తాను. ఇప్పుడు అబద్ధం ఎలా కొట్టను?”

ఆమె ‘ఫెయిల్’ నొక్కింది.

“భయం పోయిందా?”

“లేదు, ఇంకా పెరిగింది.”

అంతలోనే మేనేజర్ క్యాబిన్ నుంచి పిలుపు వచ్చింది.

“అన్నా, ఒక్కదాన్నే వెళ్లలేను. తలుపుదాకా వస్తావా?”

యాదగిరి కుర్చీ వెనక్కి జరిపాడు.

“తలుపుదాకా ఏంది, లోపలికే వస్త. పద.”